ఇరవై మూడో ఇంటి నిట్రాడు

వరద వచ్చిన మొదటి రెండు రోజులూ గోదావరిలో నురగ, గుర్రపుడెక్క, చచ్చిన పశువులు తప్ప మరేమీ రాలేదు. మూడో రోజు పొద్దున్న దుంగలు మొదలయ్యాయి. జొన్నాడ దిగువన ఉన్న ఆ లంకలో అప్పటికే పడవలన్నీ తయారుగా ఉన్నాయి. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారనీ, ఎవరూ ఏట్లోకి దిగవద్దనీ పంచాయతీ ఆటో మైకులో అరుచుకుంటూ గట్టు మీద తిరుగుతూనే ఉంది. ఆ మాట విని పడవ దిగినవాడు ఒక్కడూ లేడు. ఏడాదికోసారి ఏరు గుమ్మం ముందుకి తెచ్చిచ్చే కలపని మైకు మాట మీద వదులుకునేంత బుద్ధిమంతులు ఆ లంకలో పుట్టలేదు.

గంగాధరరావు పడవలో ముగ్గురున్నారు. వెనక గెడ పట్టుకుని గంగాధరరావు, మధ్యలో తెడ్డు దగ్గర వడ్రంగి సాలమోను, ముందు కొసన గొంతుక్కూర్చుని చిన్నమ్మలు. ఆడమనిషిని వరదలో పడవెక్కించడమేమిటని మొదట్లో అందరూ నవ్వారు. నిరుడు గంగాధరరావుకి ఎనిమిది మద్ది దుంగలు దొరికి, మిగిలినవాళ్ళకి పొయ్యిలోకి కూడా పనికిరాని బూరుగు దొరికాక ఆ నవ్వులు ఆగిపోయాయి. చిన్నమ్మలు కొండరెడ్ల మనిషి. పైన కొండల్లో పుట్టిన చెట్టు బెరడు ఊడిపోయి, బురద పూసుకుని, ముప్పాతిక వంతు మునిగి వస్తున్నా సరే, దూరం నుంచే పేరు చెప్పేస్తుంది. మిగతా రోజుల్లో గంగాధరరావు పెరట్లో ఉన్న రేకుల కొట్టంలో ఉంటూ, అతని భార్య అప్పాయమ్మతో కలిసి కొబ్బరీనెలు తీసి చీపుళ్ళు కడుతుంది.

"ఆ నల్లగా వచ్చేదేవిటి చిన్నమ్మలూ?"

"బూరుగండీ. ఒగ్గెయ్యండి."

"దానెనకాలది?"

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. దుంగ ఒకసారి దొర్లి మళ్ళీ మునిగింది. ఆ దొర్లడం చాలు ఆమెకి.

"నల్లమద్దండీ. ఎయ్యండి మోకు."

గంగాధరరావు కొక్కెం విసిరాడు. అది కర్రలో దిగబడగానే సాలమోను మోకు పడవకొసకి మూడు చుట్లు చుట్టాడు. పడవ ఒక్కసారి ఒరిగింది. అడుగునుంచి నీళ్ళు చిమ్ముకొచ్చాయి. చిన్నమ్మలు నూనెడబ్బా తీసి గబగబా తోడిపోసింది. లంకలో దీనికో కట్టుబాటు ఉంది. ఎవరి మోకు ముందు పడితే దుంగ వాళ్ళది. అన్నదమ్ములయినా సరే, ఆ తరవాత ఇంకెవరూ నోరెత్తకూడదు. తాతలనాటి నుంచీ తగువులు రాకుండా కాపాడుతున్న మాట అది.

మధ్యాహ్నానికి నాలుగు దుంగలు ఒడ్డుకి చేరాయి. అయిదోది ఏటి నడుమ సుడి పక్కగా వచ్చింది. మిగతావాటిలా అది దొర్లడం లేదు. పొడుగ్గా, తిన్నగా, ఒక వైపు బరువెక్కువయినట్టు ఓరగా వస్తోంది.

"అదేవిటి?" అన్నాడు గంగాధరరావు.

చిన్నమ్మలు పడవకొస మీంచి ముందుకి వంగింది.

"నిన్నే చిన్నమ్మలూ, అడుగుతుంటే!"

"వేగిసండీ," అంది. చూపు దాని మీంచి తిప్పలేదు.

వేగిస అన్న మాట వినగానే గంగాధరరావుకి ప్రాణం లేచొచ్చింది. అతని పడవ అడుగుదూలం రెండేళ్ళుగా పుచ్చిపోతోంది. రేవు వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ రేవు చేరేదాకా ఎవరో ఒకరు నీళ్ళు తోడుతూనే ఉండాలి. "ఇది ఇంకో వరద చూడదండోయ్" అని సాలమోను నిరుడే చెప్పేశాడు. పడవ పోతే గంగాధరరావుకి ఇసుకా లేదు, చేపా లేదు, లంక నుంచి గట్టుకి మనుషుల్ని దాటించే పనీ లేదు. వేగిస నీళ్ళలో పుచ్చదు. అలాంటి కర్ర, చెక్కినంత తిన్నగా, పదిహేనడుగుల పొడుగున, తనంతట తానే వస్తోంది. అతను రెండు చేతులతో కొక్కెం విసిరాడు.

ఒడ్డుకి లాగేసరికి ముగ్గురికీ ఆయాసం వచ్చింది. అది దుంగ కాదు, ఎవరో చెక్కిన స్తంభం. పై కొసన వాసం కూర్చునేందుకు చేసిన గాడి ఉంది. సాలమోను ఉలితో చిన్న పేడు లేపి గ్లాసుడు నీళ్ళలో వేశాడు. కాసేపటికి నీళ్ళు ఎండకి నీలంగా మెరిశాయి.

"వేగిసేనండీ, అనుమానం లేదు. మన అదృష్టం!" అన్నాడు.

చిన్నమ్మలు ఆ మాట విన్నట్టు లేదు. స్తంభం మొదలు దగ్గర కూర్చుని బురద తుడుస్తోంది. మొదలు నల్లగా కాలి ఉంది. చెద పట్టకుండా పాతే ముందు మొదలు కాల్చడం కొండల్లో అందరూ చేసేదే. ఇంటి నడుమ కప్పు మోసే వేగిస నిట్రాళ్ళూ ఊరూరా ఉంటాయి. ఊరికే ఆశపడకే అని తనని తాను కోప్పడింది. కోప్పడుతూనే చెయ్యి స్తంభం అడుగుకి పోనిచ్చింది. వేళ్ళకి రేకు తగిలింది.

"సాలమోనన్నా, కూసింత దొర్లించవా," అంది.

అతను గునపం పెట్టి దొర్లించాడు. అరచేతంత రేకుబిళ్ళ, నాలుగు మూలలా నాలుగు మేకులు. బిళ్ళ మీద గుంటలు పడేలా కొట్టిన రెండంకెలు. రెండు, మూడు. చిన్నమ్మలుకి చదువు రాదు గానీ ఆ రెండంకెలు ఆమెకి రాకపోవడమేమిటి! ఆ బురదలోనే చతికిలబడి రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది మా ఇంటి నిట్రాడండీ," అంది.

గంగాధరరావు నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

*

మర్నాడు ఏరు కొంచెం తీసింది. పెరట్లో అప్పాయమ్మ, చిన్నమ్మలు ఎదురెదురుగా కూర్చుని ఈనెలు తీస్తున్నారు. నిట్రాడు వాళ్ళ పక్కనే రెండు మొద్దుల మీద పడుకోబెట్టి ఉంది. అప్పాయమ్మ నాలుగు ఆకులు పూర్తిచేసేసరికి చిన్నమ్మలు చేతిలో మొదటి ఆకు అలాగే ఉంది.

"ఆ బిళ్ళ ఇంట్లోపల స్తంభానికి కొట్టడవేవిటే? మా ఇంటి నెంబరు వీధిగుమ్మానికి కదా కొట్టేరు," అంది అప్పాయమ్మ.

"మా అయ్య చేసిన పనండీ వదినగారూ," అంది చిన్నమ్మలు. "ఆనకట్ట ప్రాజెట్టోళ్ళు మునిగే ఇళ్ళు లెక్కెట్టడానికొచ్చేరు. మా గోడలు తడికలు కదండీ, మేకు నిలవదు. గుమ్మానికి కొడతామన్నేరు. మా అయ్య ఒప్పుకోలేదు. సర్కారోరిచ్చిన నెంబరు, వానలోనా ఎండలోనా ఉంచేది, లోపలికి రండి, నిట్రాడుకి కొట్టండి అన్నాడు. చెప్పులిప్పించి మరీ తీసుకెళ్ళేడండీ లోపలికి. కొట్టేక పసుపెట్టేడు."

"బిళ్ళకా?"

"ఆయ్. మాకు కొత్త మామిడికాయ నిట్రాడుకి పెట్టందే నోట్లో ఎట్టుకోమండీ. కొత్త చిక్కుడైనా అంతే. ఆ పండగలకల్లా నిట్రాడుతోపాటు బిళ్ళకీ ఇప్పనూనె రాసేవోళ్ళం. అందుకే చూడండి, తుప్పట్టలేదు."

అప్పాయమ్మ వంగి చూసింది. నిజంగానే అంచుల్లో తప్ప తుప్పు లేదు. నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

ఊళ్ళో అందరూ గుమ్మాలకి కొట్టించుకున్నారు. చిన్నమ్మలు తండ్రి ఒక్కడే సర్కారు అంకెని ఇంట్లో అన్నిటికన్నా గొప్ప చోట పెట్టాడు. ఏడాది తిరిగాక సరిచూసేవాళ్ళు వచ్చినప్పుడు వీళ్ళందరూ పైన కొండమీద పోడు చేలో ఉన్నారు. తలుపుకి తాడు కట్టి ఉంది. బయట నంబరు లేదు. వచ్చినవాళ్ళు ఇరవై రెండు రాసుకున్నారు, పక్కనున్న ఇరవై నాలుగు రాసుకున్నారు, కొండ దిగిపోయారు. వాళ్ళ ఊరు వేగిసగొంది ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయాక కట్టిన కాలనీలో ఇరవై మూడుకి ఇల్లు లేదు. ఉంటే కదా ఇవ్వడానికి అన్నారు. నిట్రాడుకి ఉందండీ అంటే చూపించమన్నారు. అప్పటికి నిట్రాడు మీద నలభై అడుగుల నీళ్ళున్నాయి.

"ఇల్లరికవొచ్చిన మీ ఆయన తిరిగేడా మరి, ఆపీసుల చుట్టూ?"

"పోయేదాకా తిరిగేడండీ. జొరంతో కూడా తిరిగేడు." చిన్నమ్మలు ఈనె మీద కత్తి పెట్టి అలాగే ఉంచింది. "మా పిల్ల రేవతి హాస్టల్లో కాయితాలు రాస్తదండీ. సొంతూరు అని ఉన్నకాడ ఖాళీ ఒగ్గేస్తదంట. మన ఊరు రాయవే అంటే, అది లిస్టులో లేదంటన్నారు మేస్టారు, అంటది. అది పుట్టింది ఈ నిట్రాడు కిందేనండీ."

గంగాధరరావు వచ్చి నిట్రాడు చుట్టూ ఒకసారి తిరిగాడు. రాత్రంతా అతనికీ నిద్ర లేదు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే ఈ కథ చెప్పడం సుళువయ్యేది.

"చూడు చిన్నమ్మలూ, నీకు కావల్సింది ఆ నెంబరు. ఆ బిళ్ళ ఊడదీసి ఇచ్చేస్తాను. జాగ్రత్తగా పట్టుకెళ్ళి చూపించుకో. కర్ర నాకొదిలెయ్యి. మోకు నాది కదా."

"ఊడిన బిళ్ళలు ఒప్పుకోరండీ అన్నయ్యగారూ. ఎక్కడెక్కడివో పట్టుకొచ్చేస్తన్నారని ఇసిరేసేరు ఓ ముసిలోడివి, నా కళ్ళముందే. ఇంటికి కొట్టి ఉంటేనే ఇల్లున్నట్టంట."

"ఇల్లేదీ ఇక్కడ? ఉన్నది కర్ర!"

"నిట్రాడుంటే ఇల్లున్నట్టేనండీ మాకు."

గంగాధరరావు ఫోను తీశాడు. అటు నుంచీ ఇటు నుంచీ, బిళ్ళని దగ్గరగా, నాలుగు ఫోటోలు తీసి, కాలనీ పనులు చూసే గుమాస్తా నంబరు చిన్నమ్మలు దగ్గరుంటే దానికి పంపాడు. తరవాత తనే ఫోను చేసి స్పీకరు పెట్టాడు. ఆ ఉపకారం చేస్తే తన మనసు తేలికపడుతుందని అతని ఆశ.

"చూశానండీ," అంది అవతలి గొంతు. "జాబితా ఎప్పుడో మూసేశాం. ఆ ఊళ్ళో ఇరవై మూడు అనే ఇల్లే లేదు. ఫోటోలు ఎవరయినా తీస్తారు. ఆవిడ పేరూ, ఆ ఊరూ, ఇంటి నంబరూ కలిపి రాసున్న ప్రభుత్వ కాగితం ఏదయినా ఉంటే పట్టుకురమ్మనండి, చూద్దాం."

"ఉంటే మీ చుట్టూ ఎందుకు తిరుగుద్దండీ?" అన్నాడు గంగాధరరావు. అప్పటికే అవతల పెట్టేశారు.

సాయంత్రం సాలమోను రంపం, బొగ్గునీళ్ళలో ముంచిన నూలుతాడు తీసుకుని వచ్చాడు. తాడు కొసలు రెండూ లాగిపట్టి మధ్యలో చిటికె వేస్తే కర్ర మీద నల్లటి గీత తిన్నగా పడుతుంది. ఆ గీత సరిగ్గా బిళ్ళ మీదుగా పోయింది.

"మేకులు తియ్యాలండీ. లేపోతే రంపప్పళ్ళు పోతాయి," అన్నాడు.

చిన్నమ్మలు లేచి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. నిట్రాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ బిళ్ళ మీద పెట్టి, ఎటో చూస్తూ ఉండిపోయింది. చేతులకి కొబ్బరీనెల కోతలు. సాలమోను పటకారు పట్టుకుని ఆ చేతుల వంక చూశాడు. గంగాధరరావు వంక చూశాడు. అతనేమో పడవ వంక చూస్తున్నాడు.

"చీకటడిపోతోంది. రేపు కోద్దాం లెండి," అన్నాడు సాలమోను. ఎండ ఇంకా కొబ్బరిచెట్ల మొదళ్ళ దాకా ఉంది. అయినా గంగాధరరావు కాదనలేదు.

*

కొయ్యడం కుదరలేదు. పొద్దున్న తొమ్మిదింటికి అటవీశాఖ వాళ్ళు గట్టు దగ్గర దిగారన్న కబురు లంకంతా పాకింది. ఏటా వరద తీశాక వాళ్ళు రావడం, ఏటా వీళ్ళు దాచడం మామూలే. వరదలో కొట్టుకొచ్చిన కలప సర్కారుదని చట్టం. అరగంటలో లంకలో ఒక్క దుంగ కనపడలేదు. కొన్ని కొబ్బరి మట్టల కింద, కొన్ని గడ్డివాముల్లో, కొన్ని బురదలో. అప్పాయమ్మ దుంగల మీదా నిట్రాడు మీదా మట్టలు కప్పి, వాటి మీద తడిచీరలు ఆరేసింది.

గార్డు సాయిదుర్గాప్రసాద్ ముప్పయ్యేళ్ళవాడు, అమలాపురం వైపు మనిషి. మర్యాదస్తుడు. వెంట ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ముద్రసుత్తి. ఆ సుత్తితో కొడితే సర్కారు గుర్తు కర్రలోకి దిగుతుంది.

"గంగాధరరావుగారూ, ఏటా ఇదే ఆటండీ మనకి," అంటూనే తిన్నగా వెళ్ళి చీరలు ఆరేసిన మట్టలు కాలితో కదిపాడు. "తీయించండి."

నాలుగు మద్ది దుంగలూ బయటపడ్డాయి. చివర్న నిట్రాడు. గార్డు వంగి చూశాడు, గోటితో గీరాడు.

"ఇది వేగిస. చెక్కిన కర్ర. ఇది ఎవరిది?"

అప్పాయమ్మ తడిచీరలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"చూడండి, ఉన్నమాట చెబుతాను," అన్నాడు అతను. "ఎవరిదీ కాదు, ఏరు తెచ్చింది అంటే ముద్ర వేసి పట్టుకుపోతాను. ఎవరికీ ఏ గొడవా ఉండదు. నాది అని ఎవరయినా అంటే మాత్రం, రిజర్వు అడవిలో కొట్టిన చెట్టు కాబట్టి, వాళ్ళ మీద కేసు రాయాలి. మీ ఇష్టం."

గంగాధరరావు ఇంకో ఆలోచన చెయ్యలేదు. "మాది కాదండీ బాబూ. ఏరు తెచ్చింది," అన్నాడు. రెండేళ్ళుగా కోరుకున్న అడుగుదూలం అంత సులువుగా జారిపోయింది. అతని మొహంలో బాధ కనపడింది, దానితోపాటు ఒక తేలికదనం కూడా. ఇక ఈ కర్ర గురించి తను తేల్చవలసింది ఏమీ లేదు.

గార్డు సంచీలోంచి అచ్చుకాగితాల పుస్తకం తీసి, నాలుగు మద్ది దుంగలూ ఒక కాగితం మీద రాశాడు. రెండో కాగితం తిప్పాడు. "వేగిస స్తంభం ఒకటి... హక్కుదారు... లేరు," అనుకుంటూ కలం పెట్టబోయాడు.

"బాబూ," అంది చిన్నమ్మలు. "మీరు రాసేది సర్కారు కాయితవేనాండీ?"

అతను తలెత్తాడు. "మరి? నంబరు వేసి ఉంటుంది. ఒక నకలు కోర్టుకి, ఒకటి మా ఆఫీసుకి."

"కేసు రాస్తే ఏం రాస్తారండీ అందులో?"

"అన్నీ రాయాలమ్మా. ఎవరు, ఏ ఊరు, ఇంటి నంబరెంత, చెట్టు ఎవరు కొట్టారు, దేనికి వాడారు, అన్నీ. ఎందుకు నీకు?"

"రాసిన కాయితం నాకోటి ఇస్తారాండీ?"

"కేసయితే ఇచ్చి తీరాలి. ముద్దాయికి నకలు ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుంది."

చిన్నమ్మలు కొంగుకి చేతులు తుడుచుకుంది. గార్డు ముందుకి వచ్చి నిలబడింది.

"అయితే నాదేనండీ. రాయండి."

పెరట్లో ఒక్కసారి అందరూ మాట్లాడారు. "నీకు మతి గానీ పోయిందా?" అని గంగాధరరావు కేక పెట్టాడు. "ఒద్దే తల్లీ, జైల్లో ఎడతారే!" అని అప్పాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. చిన్నమ్మలు ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది, కోపంతో కాదు.

"ఏమ్మా, అర్థమయ్యే అంటున్నావా?" అన్నాడు గార్డు. "కోర్టు చుట్టూ తిరగాల్సొస్తుంది."

"తిరుగుతానండీ. మా ఆయన తిరిగేడు, నేనూ తిరిగేను. ఏ పేరూ లేకుండా తిరిగేం. ఇప్పుడు పేరుతో తిరుగుతాను."

అతనికి అర్థం కాలేదు. బిళ్ళ మీద మురికి తుడిచి చూపించి, అప్పుడు చెప్పింది ఆమె. తండ్రి గురించి, ఇరవై రెండు గురించి, ఇరవై నాలుగు గురించి, నిన్న ఫోనులో గుమాస్తా అడిగిన కాగితం గురించి. నాలుగు మాటల్లో చెప్పేసింది. ఎన్నో గుమ్మాల ముందు చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలవి. గార్డు విని, కలం మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఈ కాగితం చూసి ఇల్లు ఇస్తారని నేను చెప్పలేనమ్మా. ఇవ్వకపోనూవచ్చు. కేసు మాత్రం ఖాయం."

"తెలుసండీ."

"నా చేత్తో నీ మీద రాయడం నాకేం సరదా కాదు."

"రాయండి బాబూ. మీకు పుణ్యముంటది."

తన మీద కేసు రాయమని బతిమాలే మనిషిని అతను తన ఉద్యోగంలో చూసి ఉండడు. బోర్లించిన గంప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. చిన్నమ్మలు పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. ఊరు వేగిసగొంది. ఇంటి నంబరు ఇరవై మూడు. భర్త కెచ్చెల కన్నపరెడ్డి, లేడు. చెట్టు కొట్టింది తండ్రి లచ్చిరెడ్డి, ఆయనా లేడు. ఎప్పుడు కొట్టాడని అడిగితే, తను పుట్టకముందని చెప్పింది. దేనికి వాడారని అడిగితే, "ఉండడానికండీ" అంది. అతను "నివాస గృహమునకు" అని రాసుకున్నాడు.

"ఇద్దరు సాక్షులు కావాలి. ఈ స్తంభం ఈవిడ ఇంటిదని, బిళ్ళ దీనికే కొట్టి ఉందని తెలిసినవాళ్ళు."

సాలమోను ముందుకొచ్చి సంతకం పెట్టాడు. వడ్రంగం లెక్కలు రాసే చెయ్యి, చక్కటి సంతకం. రెండో చోటు ఖాళీగా ఉంది. గార్డు గంగాధరరావు వైపు చూశాడు. అతను తలవంచుకుని కాలితో కొబ్బరిపీచు కెలుకుతున్నాడు. కేసుల్లో సాక్షి అంటే పడవ పని మానుకుని తిరగడమేనని అతనికి తెలుసు. తన మోకుతో తను పట్టిన దుంగ ఇంకొకరిదని తాతలనాటి నుంచి ఆ లంకలో ఎవడూ సంతకం పెట్టలేదనీ తెలుసు.

"ఎక్కడండీ పెట్టేది?" అన్నాడు చివరికి.

గార్డు వేలితో చూపించాడు. గంగాధరరావు తన పేరంతా, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా రాశాడు. చిన్నమ్మలు వేలిముద్ర వేసింది. ముద్రసుత్తి మనిషి నిట్రాడు మీద సుత్తి ఎత్తాడు.

"బిళ్ళ మీద కాదు నాయనా," అంది ఆమె.

అతను జానెడు పక్కకి జరిగి కొట్టాడు. రెండు దెబ్బలకి సర్కారు గుర్తు లోతుగా దిగింది. ఇరవై మూడు పక్కనే.

లంక నుంచి గట్టుకి కలప దాటించడానికి వాళ్ళకి పడవ కావాలి. లంకలో ఉన్నవాటిలో పెద్దది గంగాధరరావుదే. మద్ది దుంగలు వెనక కట్టి, నిట్రాడుని మాత్రం పడవలోకి ఎక్కించారు. అంత బరువుకి పుచ్చిన అడుగు నుంచి నీళ్ళు బుగబుగా పైకి వచ్చాయి. చిన్నమ్మలు ఎవరూ చెప్పకుండానే ఎక్కి, నిట్రాడు పక్కన కూర్చుని, డబ్బాతో తోడడం మొదలుపెట్టింది. కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. గంగాధరరావు గెడ వేశాడు. ఏరు ఇంకా ఎర్రగానే ఉంది.

గట్టు మీద ట్రాక్టరు ఆగి ఉంది. నలుగురు మనుషులు నిట్రాడుని భుజానికెత్తి అందులో పడేశారు. మొదలు ముందు, గాడి వెనక. బిళ్ళ పైకే ఉంది. కొత్త మామిడికాయ పెట్టే చోటు ఏదో ఆ నలుగురికీ తెలియదు. ఒకడు అక్కడే కాలుపెట్టి పైకెక్కాడు. చిన్నమ్మలు రవికెలోని కాగితాన్ని చేత్తో తడుముకుంది.

ట్రాక్టరు కదలబోతుంటే ఆమె గార్డు దగ్గరికి వెళ్ళి కాగితం తీసింది.

"బాబూ, ఇందులో ఏం రాసేరో ఓసారి సదవండి."

అతను కాగితం తీసుకుని గట్టుగాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని చదివాడు. "ముద్దాయి పేరు, కెచ్చెల చిన్నమ్మలు. గ్రామం, వేగిసగొంది. ఇంటి నంబరు, ఇరవై మూడు."

గంగాధరరావు పడవలోంచి నీళ్ళు తోడుతూ చెయ్యి ఆపి వింటున్నాడు.

"ఇంకోపాలి సదవండి బాబూ," అంది చిన్నమ్మలు.